కర్నూలులో ఒక డిజైన్ ఆఫీసు: మా స్టీమ్ లైను, ఎయిర్ రిసీవరు, బ్లీచరు

ఆదోని శివారులోని ఒక పత్తిగింజల నూనె శుద్ధి కర్మాగారంలో నేను పంతొమ్మిదేళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నాను. గడిచిన ఏడాదిలో మూడు పనుల మీద కర్నూలులోని ఒక ప్రెజర్ వెసెల్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే పాత్ర), పైపింగ్ డిజైన్ ఆఫీసుకు తిరగవలసి వచ్చింది. బళ్లారి చౌరస్తా దాటిన తరువాత ఒక హార్డ్‌వేర్ దుకాణం పై అంతస్తులో రెండు గదులు, ఒక పెద్ద బల్ల, ఒక కంప్యూటరు, డ్రాయింగులు గీసే ఒక కుర్రవాడు, ఇంతే ఆ ఆఫీసు. రసాయన కర్మాగారాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దాన్ని నడుపుతున్నారు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరినందువల్ల, మా వైపు ఫ్యాబ్రికేటర్లందరూ పిలిచినట్టే నేనూ ఆయనను డిజైన్ సారు అనే అంటాను. మావంటి చిన్న మిల్లులకు ఈ ఆఫీసు ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ రాదో చెప్పడానికే ఈ సమీక్ష.

మొదటి పని స్టీమ్ లైను. మా బాయిలరు 10.5 కిలోల (చదరపు సెంటీమీటరుకు) ప్రెజరు మీద నడుస్తుంది. బాయిలరు గది నుంచి కొత్త రిఫైనరీ షెడ్డు వరకు 60 మీటర్ల పొడవున 4 అంగుళాల లైనును, ప్రహరీ గోడకు దిగేసిన బ్రాకెట్ల మీదుగా, ఒక కాంట్రాక్టరు సూటిగా లాగేశాడు. చూడటానికి గీత గీసినట్టు ఉన్న ఆ లైను ఆరు నెలల్లో మమ్మల్ని నాలుగుసార్లు గ్యాస్కెట్ (అతుకు కారకుండా మధ్యన పెట్టే పట్టీ) మార్పించింది. ఆదివారం బాయిలరు ఆపి సోమవారం తెల్లవారుజామున మళ్లీ ఎక్కించినప్పుడల్లా ప్రెజరు తగ్గించే వాల్వు ముందున్న ఫ్లేంజి (బోల్టులతో బిగించే పైపు అంచు) కారేది, గోడలోని రెండు బ్రాకెట్ల బోల్టులు సున్నంతో సహా ఊడి వచ్చేవి, పైపులో సుత్తితో కొట్టినట్టు దభీదభీమని చప్పుడయ్యేది. కాంట్రాక్టరు తొలుత గ్యాస్కెట్ నాసిరకమన్నాడు. తరువాత ఫిట్టరు బోల్టులు సరిగా బిగించలేదన్నాడు. చివరికి బెల్లోస్, అంటే సాగుతూ ముడుచుకునే మడతల గొట్టం, పెడితే అన్నీ సర్దుకుంటాయని కొటేషను పట్టుకొచ్చాడు. ఆ కొటేషను చూసిన మీదట మా యజమాని నన్ను కర్నూలుకు పంపారు.

సారు డ్రాయింగు చూసి లెక్క మొదలుపెడతారనుకొని వెళ్లాను. ఆయన మాత్రం ఒక ఆదివారం రాత్రి తామే ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి వచ్చి, సోమవారం నాలుగు గంటలకే లైను చల్లగా ఉండగా సుద్దముక్కతో ప్రతి బ్రాకెట్ దగ్గర పైపు మీద ఒక గీత, బ్రాకెట్ మీద దానికి ఎదురుగా మరొక గీత పెట్టించారు. బాయిలరు పూర్తి ప్రెజరుకు వచ్చాక మళ్లీ నడుచుకుంటూ పోయి గీతల మధ్య దూరాలు కొలిచారు. షెడ్డు చివర పైపు 40 మిల్లీమీటర్లకు పైగా జరిగింది. నడుమ యూ-క్లాంపులు గట్టిగా బిగించిన నాలుగు చోట్ల వెంట్రుకవాసి కూడా కదలలేదు. ఆ నాలుగింటి పక్కనే బోల్టులు ఊడిన బ్రాకెట్లు ఉన్నాయి. “ఏమప్పా, పైపు సాగుతాదని దీన్ని కట్టినోనికి ఎవరూ చెప్పలేదా?” అన్నారు. ఆ ఒక్క పూటలో నాకు అర్థమైనంత నాలుగు గ్యాస్కెట్లు మార్చినా అర్థం కాలేదు.

లెక్క ఆ తరువాత మా క్యాంటీను బల్ల మీదనే జరిగింది. 10.5 కిలోల ప్రెజరు దగ్గర ఆవిరి ఉష్ణోగ్రత దాదాపు 185 డిగ్రీలు ఉంటుంది. పైపు బిగించిన రోజు వేడి 35 డిగ్రీలనుకుంటే తేడా 150 డిగ్రీలు. మామూలు కార్బన్ స్టీలు ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీకి 0.012 మిల్లీమీటరు సాగుతుంది కనుక 60 మీటర్లకు 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలకు పైమాటే. దీన్ని రెండు కొనల్లోనూ కదలకుండా పట్టి ఉంచితే లోహంలో పుట్టే ఒత్తిడి 360 మెగాపాస్కల్‌ల వరకు పోతుందనీ, 4 అంగుళాల షెడ్యూల్ 40 పైపు గోడల వైశాల్యంతో గుణిస్తే తోపుడు 75 టన్నులనీ ఆయన తేల్చారు. అంత బలం నిజంగా రావడానికి ముందే పైపు పక్కకు వంగిపోతుంది, లేదా పట్టుకున్నది ఊడిపోతుంది. మా దగ్గర గోడ ఊడింది, ఫ్లేంజి నోరు తెరిచింది. గ్యాస్కెట్ ఎంత మంచిదైనా దాని ముందు నిలిచేది కాదు.

బెల్లోస్ గురించి ఆయన చెప్పింది మావంటి వాళ్లందరూ వినవలసిన విషయం. బెల్లోస్ మడతల లోపల ప్రెజరు పైపును రెండు వైపులా నెడుతుంది. మడతల సగటు వ్యాసం 125 మిల్లీమీటర్లనుకుంటే వైశాల్యం 123 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 10.5 కిలోలతో గుణిస్తే దాదాపు 1,300 కిలోల తోపుడు. హైడ్రోటెస్టు, అంటే నీరు నింపి ఎక్కువ ప్రెజరుతో పరీక్షించే సమయంలో అది ఇంకా పెరుగుతుంది. ఆ తోపుడును మోయడానికి రెండు పక్కలా పైపును కదలకుండా పట్టే గట్టి యాంకర్లు ఉండాలి, పైపు పక్కకు తప్పుకోకుండా బెల్లోస్ పక్కనే గైడ్లు ఉండాలి. సున్నం గోడకు దిగేసిన మా బ్రాకెట్లకు అది తగని బరువు. కాంట్రాక్టరు కొటేషనులో బెల్లోస్ ధర ఉంది గానీ యాంకర్ల ఊసే లేదు. నేను పంతొమ్మిదేళ్ల అనుభవంతో ఆ కొటేషను చదివి కూడా ఆ లోపం పట్టుకోలేకపోయానని ఒప్పుకోవాలి.

ఆయన ఇచ్చిన పరిష్కారంలో కొన్న సామాను తక్కువ, ఆలోచన ఎక్కువ. లైను నడిమధ్య ఒక కాంక్రీటు దిమ్మె కట్టి పైపును అక్కడ మాత్రమే గట్టిగా పట్టమన్నారు. అప్పుడు రెండు సగాలకూ చెరి 54 మిల్లీమీటర్ల సాగుదల మిగులుతుంది. బాయిలరు వైపు సగంలో గింజల గోదాము పక్క ఖాళీ స్థలం ఉంది కనుక అక్కడ పైపును U ఆకారంలో పక్కకు తిప్పి ఒక లూపు వేశారు. లూపు రెండు కాళ్లూ సాగుదలను సగం సగం పంచుకుంటాయి కాబట్టి ఒక్కో కాలు 3.7 మీటర్లు సరిపోయింది. షెడ్డు వైపు సగంలో లూపుకు చోటు లేదు. కానీ వే-బ్రిడ్జి కోసం లైనును ఎటూ పక్కకు జరపవలసి ఉంది. ఆ మలుపునే వాడుకొని రెండు ఎల్బోల (మలుపు ముక్కల) మధ్య అడ్డ ముక్కను పెంచారు. ఇక్కడ ఒక్క కాలే మొత్తం 54 మిల్లీమీటర్లనూ భరించాలి కనుక లెక్కకు 5.2 మీటర్లు వచ్చింది, 5.5 పెట్టమన్నారు. రెండు చోట్లా వంపు వల్ల వచ్చే ఒత్తిడిని 138 మెగాపాస్కల్‌ల లోపే ఉంచారు. కోడ్ (డిజైనుకు పాటించే నియమావళి) ఇంతకన్నా ఎక్కువే అనుమతిస్తుందనీ, ఎల్బోల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి చేతిలెక్క చేసినప్పుడు ఆ మాత్రం జాగా వదలాలనీ అన్నారు. మిగిలిన యూ-క్లాంపులన్నీ విప్పించి పైపు కింద షూలు (పైపును మోసే పాదాలు) వెల్డు చేయించి, పక్కకు పోకుండా, పొడవునా మాత్రం జారేటట్టు గైడ్లు పెట్టించారు.

లూపును నిలువుగా నిలబెడితే స్థలం కలిసి వస్తుంది కదా అని నేను అడిగాను. నిలువు లూపు ఎక్కే మెట్టు ముందు కండెన్సేట్ (చల్లారి నీరైన ఆవిరి) నిలిచిపోతుందనీ, ఆ నీటిని వెనకనుంచి ఆవిరి తోసుకొచ్చి ఎల్బోకు కొట్టడమే మేము వింటున్న దభీదభీ అనీ, అందుకే లూపును అడ్డంగా పరచాలనీ వివరించారు. మా లైనులో నీరు తీయడానికి కాంట్రాక్టరు పెట్టినది పైపు అడుగున అర అంగుళం రంధ్రం మాత్రమే. వేగంగా పోయే ఆవిరి వెంట అడుగున పారే నీరు ఆ చిన్న రంధ్రంలోకి దిగకుండా దాని మీదుగా దాటిపోతుంది. 4 అంగుళాల పైపుకు 4 అంగుళాల డ్రిప్ పాకెట్టే (నీరు దిగి చేరే గొట్టం) పెట్టి, దాని పక్కనుంచి ట్రాపుకు (ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే వాల్వుకు) లైను తీయించారు. ఇలాంటివి లూపు ముందు ఒకటి, ప్రెజరు తగ్గించే వాల్వు ముందు ఒకటి, నడుమ ఒకటి వచ్చాయి. లైను మొత్తాన్ని ఆవిరి పోయే దిక్కుకు ప్రతి 100 మీటర్లకు ఒక మీటరు వాలు ఉండేటట్టు మళ్లీ ఎత్తు సరిచేయించారు. వాలు కోసం షూల కింద ప్లేట్లు ముక్కలు ముక్కలుగా సర్దడానికి మా ఫిట్టర్లకు రెండు రోజులు పట్టింది. అందులో ఒక రోజంతా వాళ్లు ఆయనను తిట్టుకుంటూనే ఉన్నారు.

ఈ మార్పు జరిగి తొమ్మిది నెలలైంది. ఆ ఫ్లేంజి గ్యాస్కెట్ మళ్లీ మార్చలేదు. సోమవారం చప్పుడు పూర్తిగా పోయిందనను. మొదటి పది నిమిషాల్లో ఆపరేటరు మెయిన్ వాల్వు తొందరపడి తిప్పితే ఇప్పటికీ ఒకటి రెండు దెబ్బలు వినిపిస్తాయి. అది డిజైను తప్పు కాదు.

ఇదే పనిలో ఆఫీసు చేసిన పొరపాట్లూ ఉన్నాయి. డ్రాయింగుతో పాటు ఇచ్చిన సామాన్ల పట్టికలో ఎల్బోలు రెండు తక్కువ లెక్కించారు; పైపు పొడవులో లూపు వెనక్కి తిరిగే ముక్కను కలపలేదు. ఇది మా స్టోరువాళ్లు పట్టుకోకపోయి ఉంటే, బాయిలరు ఆపిన తరువాత సామాను కోసం హైదరాబాదుకు లారీ పంపవలసి వచ్చేది. ఇక ఐ.బి.ఆర్. సంగతి. ప్రెజరు 3.5 కిలోలు దాటిన స్టీమ్ పైపు ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ 1950 పరిధిలోకి వస్తుంది. లైను దారి మార్చాలంటే బాయిలర్ల శాఖ నుంచి డ్రాయింగుకు ఆమోదం కావాలి, పైపులకు ఫారం త్రీ-ఏ, వాల్వులకు ఫారం త్రీ-సి సర్టిఫికెట్లు ఉండాలి, వెల్డరుకు అర్హత పత్రం ఉండాలి. సారు డ్రాయింగును ఆ శాఖ అడిగే పద్ధతిలోనే గీయించి ఇస్తారు గానీ, ఫైలు పట్టుకొని తిరిగే పని ఆయన చేయరు. ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది. మేము మరొకరిని వెతుక్కొనేసరికి మూడు వారాలు వృథా అయ్యాయి.

రెండవది ఎయిర్ రిసీవరు, అంటే కంప్రెసరు నొక్కిన గాలిని నిల్వ ఉంచే ట్యాంకు. దీన్ని నేను ఒక పూట పనిగా భావించి తీసుకెళ్లాను, కానీ నాకు ఎక్కువ నేర్పింది ఇదే. 1,200 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 10 కిలోల డిజైన్ ప్రెజరు, ఎస్.ఎ. 516 గ్రేడ్ 70 రకం స్టీలు ప్లేటు, తుప్పు కోసం 3 మిల్లీమీటర్ల అదనపు మందం. మా వైపు ఒక ఫ్యాబ్రికేటరు ఇచ్చిన డ్రాయింగులో షెల్లు (గొట్టం వంటి ఒడలు) 10 మిల్లీమీటర్లు, రెండు కొనల డిష్ ఎండ్లు (ఉబ్బెత్తు మూతలు) కూడా 10 మిల్లీమీటర్లు. అంతటా ఒకే మందం ఉన్నందున అంతా సమంగా ఉందని నాకు అనిపించింది.

సారు ఆ డ్రాయింగును నిమిషం సేపు చూసి, డిష్ ఎండ్ దగ్గర పెన్సిలుతో సున్నా చుట్టారు. అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంఘం కోడ్‌లో ఎనిమిదో సెక్షను ప్రకారం, స్పాట్ రేడియోగ్రఫీతో (వెల్డింగును అక్కడక్కడ ఎక్స్‌రే ఫిల్ము తీసి చూడటంతో) జాయింటు సామర్థ్యం, అంటే ప్లేటు బలంలో వెల్డింగు అతుకుకు లెక్కలో ఇచ్చే వంతు, 0.85 అనుకుంటే, ప్రెజరు కోసం షెల్లుకు కావలసిన మందం 5.17 మిల్లీమీటర్లే; తుప్పు మందం కలిపితే 8.17. అంటే షెల్లుకు 10 మిల్లీమీటర్ల ప్లేటు సరిపోతుంది. కానీ డ్రాయింగులో ఉన్నది టోరిస్ఫెరికల్ రకం డిష్, వంపు వ్యాసార్థం 1,200, అంచున మెడ తిరిగే చోటు వ్యాసార్థం అందులో 6 శాతం. అలాంటి చదునైన డిష్‌కు మెడ దగ్గర ఒత్తిడి విపరీతంగా ఉంటుంది కనుక కోడ్ సూత్రంలోనే దానికి శిక్ష వేశారు, మందం 9.08 మిల్లీమీటర్లు వస్తుంది, తుప్పు కలిపితే 12.08. పైగా ప్లేటును నొక్కి డిష్‌గా మలిచేటప్పుడు మెడ దగ్గర పల్చబడుతుంది. పల్చబడిన తరువాత కూడా 12.08 మిగలాలంటే 14 మిల్లీమీటర్ల ప్లేటు కూడా చాలీచాలకుండా ఉంటుంది, 16 కొనవలసి వస్తుంది. అదే, ఎత్తు వ్యాసంలో నాలుగో వంతు ఉండే 2:1 ఎలిప్సాయిడల్ డిష్ తీసుకుంటే లెక్క 5.15, తుప్పుతో 8.15, 10 మిల్లీమీటర్ల ప్లేటు మలిచిన తరువాత 8.5 మిగిలినా చాలు. డిష్ ఆకారం మార్చడంతో ఆరు మిల్లీమీటర్ల మందం తగ్గింది.

ఫ్యాబ్రికేటరు డ్రాయింగు ప్రకారమే చేసి ఉంటే ఆ రిసీవరు టెస్టు రోజునే పగిలిపోయేదని నేను అనను. సారు కూడా అనలేదు. కొత్తగా ఉన్నప్పుడు అది నిలుస్తుంది. నాలుగైదేళ్లు అడుగున నీరు చేరి తుప్పు తిన్న తరువాత, ఎవరూ చూడని ఒక రోజున దాని సంగతి తెలుస్తుంది. 1905లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్ పట్టణంలో ఒక బూట్ల కర్మాగారం బాయిలరు పేలి 58 మంది చనిపోయిన తరువాతే అక్కడ చట్టం వచ్చిందనీ, 1914 నాటి మొదటి బాయిలర్ కోడ్‌కు వెనక అలాంటి దుర్ఘటనలే ఉన్నాయనీ చెబుతూ, సూత్రంలోని ప్రతి అంకె వెనుక ఎవరో ఒకరు పోయి ఉంటారన్నట్టు ఆయన మాట్లాడతారు. కొంచెం ఎక్కువసేపే మాట్లాడతారు.

ఇదే రిసీవరులో మాకు డబ్బు మిగిల్చిన మాట ఇంకొకటి ఉంది. ఫ్యాబ్రికేటరు స్పాట్ రేడియోగ్రఫీకి విడిగా బిల్లు వేశాడు. సారు రెండో లెక్క చేశారు: రేడియోగ్రఫీ అసలే లేకపోతే జాయింటు సామర్థ్యం 0.70కి పడిపోతుంది, షెల్లుకు తుప్పుతో కలిపి 9.28 కావాలి, అతుకు లేని డిష్‌కు మాత్రం 0.85 అలాగే ఉంటుంది కనుక దాని లెక్క మారదు. షెల్లుకు 8.17 అయినా, 9.28 అయినా బజారులో మనం కొనేది 10 మిల్లీమీటర్ల ప్లేటే. అంటే ఆ ఫిల్ములకు పెట్టే డబ్బు మందంలో ఒక్క రూపాయి కూడా తిరిగి తేదు. పూర్తి రేడియోగ్రఫీ చేయిస్తే 7.39 వచ్చి 8 మిల్లీమీటర్ల ప్లేటుకు దిగవచ్చు గానీ, ఒక్క రిసీవరుకు ఆ ఖర్చు దండగ. “అయినా పొడుగు కుట్టూ, చుట్టుకుట్టూ కలిసే రెండు జాగాల్లో ఫిల్ము తీయించప్పా, మందం కోసరం కాదు, వెల్డరు చెయ్యి ఎట్లుందో చూసేకి” అన్నారు. తీయించాం. ఒకచోట స్లాగు (వెల్డింగు మడ్డి) చిక్కుకొని ఉంది; గ్రైండ్ చేసి మళ్లీ వెల్డు చేయించాం.

హైడ్రోటెస్టుకు ఆయన రావడం మా ఒప్పందంలో లేదు, అయినా వచ్చారు. ఫ్యాబ్రికేటరు 0 నుంచి 100 కిలోల గేజి తగిలించి ఉంచాడు. డిజైన్ ప్రెజరుకు 1.3 రెట్లు, అంటే 13 కిలోల టెస్టును అంత పెద్ద గేజి మీద చదివితే ముల్లు ఒక మూల కదిలీ కదలనట్టు ఉంటుంది. గేజి పరిధి టెస్టు ప్రెజరుకు రెండింతలు ఉండాలని, ఎట్టి పరిస్థితుల్లోనూ నాలుగింతలు దాటరాదని కోడ్ చెబుతుంది. 25 కిలోల గేజి తెచ్చేదాకా పంపు తిప్పనివ్వలేదు. పైన వెంటు తీసి, గాలి మొత్తం పోయి నీరు నిండుగా పొర్లిన తరువాతే మూయించారు. నీటిలో దాగని శక్తి గాలిలో దాగుతుంది, గాలి బుడగ మిగిలితే అది నీటి టెస్టు కాదు. నాజిళ్ల (పైపులు తగిలించే మూతుల) చుట్టూ బలం కోసం వేసిన ప్యాడ్లకు చిన్న రంధ్రాలు పెట్టించి, వాటిలోంచి కొద్దిపాటి గాలి పంపి సబ్బునీళ్లతో ప్యాడ్ వెల్డింగును ముందుగా చూడటం కూడా ఆయన దగ్గరే మొదటిసారి చూశాను. ఆ రంధ్రాలను ఫ్యాబ్రికేటరు బోల్టుతో మూయబోతే వారించారు. లోపల కారడం మొదలైతే ముందు చెప్పేది ఆ రంధ్రమేనట.

మూడవది బ్లీచరు. దీన్ని క్లుప్తంగా చెబుతాను. నూనెను 105 డిగ్రీల దగ్గర వాక్యూమ్ కింద రంగు పీల్చే మట్టితో కలిపి రంగు తీసే పాత్ర ఇది. వ్యాసం 1,800 మిల్లీమీటర్లు, చుట్టూ జాకెట్టు (ఆవిరి కోసం బయట వేసిన రెండో గోడ), జాకెట్టులో 3 కిలోల ఆవిరి. పాత బ్లీచరు డ్రాయింగునే కాపీ చేసి షెల్లు 8 మిల్లీమీటర్లుగా ఇచ్చాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదు: జాకెట్టులో ఆవిరీ, లోపల వాక్యూమూ ఒకేసారి ఉన్నప్పుడు లోపలి షెల్లును బయటినుంచి నొక్కేది ఎంత? మూడూ, దానికి తోడు వాతావరణ పీడనం 1.03, మొత్తం 4.03 కిలోలు. జాకెట్టు ఎత్తు 2 మీటర్లున్నప్పుడు 8 మిల్లీమీటర్ల షెల్లుకు బయటి ఒత్తిడి రెండు కిలోలకు మించి తగదని లెక్కలో తేలింది. లోపలినుంచి ప్రెజరు వేస్తే ఎంతో మోసే షెల్లు బయటినుంచి నొక్కితే డబ్బా చొట్టపడ్డట్టు ముడుచుకుపోతుంది. ఇక్కడ ఫ్యాబ్రికేటరు ఎక్కువ బలమున్న గ్రేడు ప్లేటు వేద్దామన్నాడు. అది ఉపయోగపడదు, ఇలా ముడుచుకుపోవడం లోహపు బలం కన్నా దాని స్థితిస్థాపక గుణం మీదా, షెల్లు ఆకారం మీదా ఆధారపడుతుంది, ఆ గుణం అన్ని స్టీళ్లలోనూ ఇంచుమించు ఒకటే.

జాకెట్టు ఉంచాలంటే షెల్లు 12 మిల్లీమీటర్లు చేయాలి. లేదా జాకెట్టు తీసేసి, సగానికి కోసిన పైపును షెల్లు చుట్టూ తీగలా వెల్డు చేసే లింపెట్ కాయిలు వేయాలి. ఆవిరి ఒత్తిడి సన్నని పట్టీల మీదనే పడుతుంది, ఆ పట్టీలే షెల్లుకు కట్లలా పనిచేస్తాయి, మిగతా షెల్లు వాక్యూమ్ ఒక్కదాన్నే తట్టుకుంటే చాలు. మేము లింపెట్ ఎంచుకున్నాం. వెల్డింగు పొడవు బాగా పెరిగింది, వెల్డరు కూలీ కూడా పెరిగింది. ప్లేటులో మిగిలిన దాంట్లో చాలా భాగం అక్కడే పోయింది. నిజానికి ఖర్చు పరంగా రెండూ దగ్గర దగ్గరే తేలాయి, సారు మొదట చెప్పినంత ఆదా కనిపించలేదు. కాయిలు అడుగు చుట్టలో కండెన్సేట్ బయటికి పోయే నాజిలును డ్రాయింగులో ఒక చుట్ట పైన చూపించారు. ఆ తప్పును మా ఫిట్టరు పట్టుకున్నాడు. ఫోను చేసి చెబితే సారు నవ్వి, ఫిట్టరు పేరు అడిగి, సవరించిన డ్రాయింగు మరునాడే పంపారు.

ఫీజులు ఇలా పడ్డాయి: స్టీమ్ లైనుకు 30 వేలు, రిసీవరు డ్రాయింగు పరిశీలనకు 8 వేలు, బ్లీచరుకు 25 వేలు, ప్రయాణం ఖర్చు విడిగా. సమయం మాత్రం చెప్పినదానికి రెట్టింపు పడుతుంది. స్టీమ్ లైను డ్రాయింగు మూడు వారాలన్నారు, ఏడో వారంలో చేతికొచ్చింది. లెక్కలన్నీ ఆయన తమ చేతిరాతతో ఇస్తారు. అవి చదవగలిగేది ఆ డ్రాయింగు కుర్రవాడొక్కడే. బ్యాంకుకో, ఇన్సూరెన్సు వారికో చూపించవలసిన కాగితాలు కావాలంటే టైపు చేయించమని ముందే గట్టిగా చెప్పాలి. సాయంత్రం ఆరు దాటితే ఫోను ఎత్తరు.

ఆయన చేతకాదని చెప్పే పనులు కూడా ఉన్నాయి, ఆ మాట చెప్పడమే నాకు నమ్మకం కలిగించింది. మా యజమాని నూనె వాసన తీసే డియోడరైజరుకు థర్మిక్ ఆయిల్ (వేడిని మోసుకెళ్లే నూనె) లైను వేయిద్దామనుకొని అడిగారు. వేడి నూనె 250 డిగ్రీల పైమాటనీ, పంపు నాజిలు మీద పడే బలాలను చేతిలెక్కతో తేల్చడం తన పని కాదనీ, సీజర్ టూ వంటి సాఫ్ట్‌వేర్ నడిపే హైదరాబాదు ఆఫీసుకు పొమ్మనీ చెప్పి, మేము తీసుకెళ్లిన అడ్వాన్సు తిరిగి ఇచ్చేశారు.

వెళ్లేవాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకల్లా పోవడం మంచిది. ఆ దుకాణం ఎదుటి బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ కూడా ఆపాటికే వేడిగా దొరుకుతాయి. డ్రాయింగు ఉన్నా లేకపోయినా, లైను ఎక్కడెక్కడ పట్టి ఉందో, ఎక్కడ కారుతుందో, బాయిలరు ఎన్నిసార్లు ఆపి ఎక్కిస్తారో రాసుకొని, పని జరిగే చోటు ఫొటోలు తీసుకొని వెళ్లండి. ఆయన మొదట అడిగేవి అవే. సామాన్ల పట్టిక వచ్చిన తరువాత మాత్రం ఎల్బోలు మీరే మళ్లీ లెక్కపెట్టుకోండి.